గుర్రం ఆడుతోందన్నారు

పెళ్లి ఊరేగింపులో గుర్రం ఈనడం మహా శుభమని మా ఆర్మూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. కూరగాయల బండి దగ్గర, ఆటోలో, ఆఖరికి నేను పనిచేసే పశువుల దవాఖానలో కూడా ఎవరో ఒకరు ఆ ముచ్చట ఎత్తుతారు. "సేటు కొడుకు పెండ్లిల తెల్ల గుర్రం గేటు ముంగటనే ఈనింది. మస్తు కలిసొచ్చింది గా ఇంటికి" అంటారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. "గుర్రానికేం కలిసొచ్చిందో చెప్పుండ్రి" అని అడుగుతాను. నా మొహం చూసి మాట మార్చేస్తారు. పుట్టిన పిల్ల ఏమైందని ఇంతవరకూ ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను.

నేను దవాఖానలో అటెండర్‌ని. ఇరవై ఏళ్లుగా బర్రెలకూ మేకలకూ సూదులు అందించడం, కట్లు కట్టడం, కడుపులో అడ్డం తిరిగిన దూడను సరిచేసేటప్పుడు డాక్టర్ పక్కన నిలబడి పట్టుకోవడం నా పని. మా ఇంటి వెనక గోడకు అవతల ఒక రేకుల కొట్టం ఉంది. అందులో పెళ్లిళ్లకు తిరిగే మూడు ఆడగుర్రాలు ఉంటాయి. వాటిని సాకే మనిషిని నేను అన్నా అంటాను, ఆయన నన్ను చెల్లె అంటాడు. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు, ఒక గోడ ఉంది అంతే. ఆ గోడ మీద నుంచే ఉప్పు, పచ్చిమిరపకాయలు, పాత పేపర్లు అటూ ఇటూ పోతుంటాయి.

గుర్రాలు ఈనే కాలం మాఘంలో మొదలవుతుంది. మా దగ్గర పసుపు తవ్వి, ఉడకబెట్టి, కల్లాల్లో ఆరబోసేదీ అప్పుడే. పెళ్లి ముహూర్తాలు వరసపెట్టి వచ్చేదీ అప్పుడే. ఊరంతా పసుపు ధూళి లేస్తుంటుంది, వీధికొక డప్పు మోగుతుంటుంది, నిండు కడుపుతో ఉన్న గుర్రాలు రేకుల కింద నిలబడి చెవులు కదిలిస్తుంటాయి. మొదటి ఏడు అన్న వాటి దగ్గర రోజంతా కావలి కూర్చోవడం చూసి నాకు నవ్వొచ్చింది. "బర్రెకు లేని కావలి గుర్రానికెందుకన్నా" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "బర్రె నీకు టైం ఇస్తది చెల్లె. గుర్రం ఇయ్యది" అన్నాడు.

నాలుగైదు ఈతలు చూశాక గానీ ఆ మాట నాకు ఎక్కలేదు. బర్రెకు నొప్పులు మొదలయ్యాక డాక్టర్‌కి ఫోన్ చేసి, ఆయన వచ్చేలోపు చాయ్ పెట్టుకుని తాగొచ్చు. గుర్రానికి ఉమ్మనీరు పోయిందంటే అరగంటలో పిల్ల బయట పడాలి. ఆ పిల్ల గంటలో లేచి నిలబడాలి, రెండు గంటల్లో తల్లి పొదుగు పట్టాలి. మొదటి పాలు, అంటే ముర్రుపాలు, వేళకు కడుపులోకి పోకపోతే పిల్లకు రోగాన్ని తట్టుకునే సత్తువే రాదు. మనం బర్రె ముర్రుపాలతో జున్ను వండుకుని ఇంటింటికీ పంచుకుంటాం. గుర్రం దగ్గర ఆ పాలు ఒక్క బొట్టు నేల మీద పడినా అన్న విలవిల్లాడిపోయేవాడు.

కావలి కాయడంలో ఆయనకొక పద్ధతి ఉంది. "సూడనట్టు సూడాలె" అంటాడు. గుర్రం సిగ్గరిది. మనిషి కళ్లు తన మీద ఉంటే ఈనదు, మొదటి నొప్పులను కొంతసేపు ఆపుకోగలదు కూడా. అందుకని మేం కొట్టం బయట గోనెసంచి పరుచుకుని, గుర్రానికి పక్కగా తిరిగి కూర్చునేవాళ్లం. పల్లికాయలు ఒలుచుకుంటూ ఓరకంట చూడటమే మా పని. పొదుగు బిగిసిందా, చన్ను మొనల మీద మైనంలాంటి చుక్క కట్టిందా, తోక మొదట్లో కండ మెత్తబడిందా అని. చుక్క కనబడితే ఇక ఒకటి రెండు రోజులని లెక్క. దవాఖాన నుంచి వచ్చాక నేను కూర్చునేదాన్ని, మిగతా పొద్దంతా ఆయన.

ఆ పెళ్లి జరిగిన ఏడు సూడితో ఉన్నది తెల్ల గుర్రం. మూడింటిలో పెద్దది, ఊరందరికీ తెలిసింది అదే. డప్పుకు అడుగులేయడం దానికి వచ్చినంత బాగా మిగతా రెండింటికీ రాలేదు. ముందుకాలు ఎత్తి నేలను గీరడం ఆ ఆటలో మొదటి అడుగు. అది చేయగానే జనం ఈలలు వేసేవారు. దానికి వయసు మళ్లింది, ఇదే ఆఖరి ఈత కావచ్చని డాక్టర్ ముందే చెప్పాడు. దాని కడుపున ఒక పిల్ల మిగలాలి, దాని తర్వాత కొట్టంలో ఆ పిల్ల నిలబడాలి అన్నదే అన్న ఆశ. ఇంకో గుర్రాన్ని తెచ్చుకునే తాహతు ఆయనకు లేదు. పిల్లకు పేరు కూడా అనుకున్నాడు. ఏం పేరని అడిగితే పుట్టినాక చెబుతానన్నాడు.

పసుపు అడ్తి దుకాణం నడిపే ఆ సేటు కొడుకు పెళ్లికి ఈ గుర్రాన్ని దసరాకే మాట్లాడుకున్నారు. అప్పుడు ముహూర్తం మార్గశిరంలో. అప్పటికి నెలలు నిండవు, మెల్లగా నడిపిస్తే ఏం కాదనుకుని అన్న సరేనన్నాడు. ఆ తర్వాత వాళ్లింట్లో మైల వచ్చి పెళ్లి ఫాల్గుణానికి జరిగింది. ముహూర్తంతో పాటు అన్న ఇచ్చిన మాట కూడా జరిగిందని సేటు అనుకున్నాడు.

పెళ్లికి వారం ముందు అన్న, నేను ఆయన దుకాణానికి పోయాం. పక్కన దవాఖాన మనిషి ఉంటే మాటకు విలువ ఉంటుందని అన్న నన్ను వెంటబెట్టుకుపోయాడు. సేటు మాకు కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు.

"సేటూ, అది నిండు సూడిది. పదకొండో నెల. ఎర్ర గుర్రాన్ని తోల్కొస్త, జర ఒప్పుకోండ్రి" అన్నాడు అన్న.

"ఎర్రది ఫోటోలల్ల ఏం కనబడ్తదయ్యా. తెల్లదని కార్డు పంచేటప్పుడే అందరికి చెప్పిన. మాటిచ్చినవ్ గద" అన్నాడు సేటు.

నాకు ఆగలేదు. "మీ ఇంట్ల నెలలు నిండిన ఆడపిల్లను గిట్లనే డప్పుల ముంగట నడిపిస్తరా సేటూ" అని అడిగాను.

ఆయనకు కోపమేమీ రాలేదు, నవ్వాడు. "మనిషికి, గుర్రానికి పోలికేందమ్మా. గుర్రమన్నంక నడుస్తది" అన్నాడు. ఆయన దుర్మార్గుడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. మర్యాదస్థుడు. నా చాయ్‌లో చక్కెర సరిపోయిందా అని అడిగిన మనిషి. అంత చూసుకునేవాడికి ఆ కడుపులో కదిలేది ప్రాణమని తోచకపోవడమే నాకు మింగుడుపడనిది.

చివరికి ఆయనే ఒక మధ్యేమార్గం చెప్పాడు. "పెండ్లికొడుకు ఎక్కడు. కారుల వస్తడు. గుర్రం ముంగట నడిస్తె సాలు. మూల మీదికెల్లి ఫంక్షన్ హాలు గేటు దాక. పది నిమిషాలు, గంతే."

అన్న నా వైపు చూశాడు. "నువ్వేమంటవ్ చెల్లె" అన్నాడు. పెళ్లి రోజు పొద్దున గుర్రాన్ని చూసి చెబుతానన్నాను. ఆ మాటతో భారమంతా నా నెత్తిన వేసుకున్నానని అప్పుడు నాకు తట్టలేదు.

పెళ్లి ఆదివారం. ఏడు గంటలకు నేను కొట్టంలోకి పోయాను. పొదుగు తడిమాను, బిగిసింది. చన్ను మొనలు చూశాను, చుక్క లేదు. తోక మొదట్లో కండ కాస్త మెత్తబడింది గానీ పూర్తిగా జారలేదు. రెండు వీధుల అవతల ఫంక్షన్ హాలు దగ్గర డప్పులవాళ్లు మంట వేసి డప్పులు కాచుకుంటూ, బిగువు చూడ్డానికి మధ్యమధ్యలో వాయిస్తున్నారు. ఆ చప్పుడుకు గుర్రం ముందుకాలు ఎత్తి నేలను గీరింది. ఆగి మళ్లీ గీరింది. అన్న నవ్వాడు, నేనూ నవ్వాను. ఫోన్ తీసి వీడియో కూడా తీశాను.

"తోల్కపో అన్నా. ఇంక రెండు దినాలన్న పడ్తది. గంతమంది నడుమ అది ఈనది, ఆపుకుంటది" అన్నాను.

పది గంటలకు ఎదుర్కోళ్లు. మగపెళ్లివారు వస్తుంటే ఆడపెళ్లివారు ఎదురువెళ్లి తోడ్కొని రావడం. నేనూ గుర్రం పక్కనే నడిచాను. ఎర్ర మఖమల్ గుడ్డ కప్పనిచ్చాను గానీ కడుపు కింద పట్టీ బిగించనివ్వలేదు. మూల మీదికి వచ్చేసరికి పెళ్లికొడుకు కారు ఆగి ఉంది. అతని దోస్తులు తలుపు తీసి అతన్ని బయటకు లాగారు. "గుర్రమెక్కని పెండ్లికొడుకు ఎట్ల ఉంటడు రా" అంటూ అమాంతం ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టారు. పెళ్లికొడుకు వద్దన్నాడు పాపం, గట్టిగా అనలేదు. అన్న "వద్దు బాబూ, వద్దు" అంటూ కళ్లెం పట్టుకుని తిరుగుతున్నాడు. నేను ఒకడి చొక్కా పట్టి లాగాను. వాడు నన్ను పెళ్లికూతురు తరఫు మనిషి అనుకుని నవ్వి దండం పెట్టాడు. సేటు వెనకాల చుట్టాలతో మాట్లాడుతూ వస్తున్నాడు, కొడుకు గుర్రం మీద ఉండటం చూశాడు, చూసి చేయి ఊపాడు. వారం కింద దుకాణంలో ఇచ్చిన మాట ఎటు పోయిందో ఆయన్నే అడగాలి.

పది నిమిషాల దారి ముప్పావుగంట పట్టింది. అడుగడుక్కీ ఆగడం, డీజే పాట మార్చడం, దోస్తులు ఎగరడం. నడిమధ్యలో గుర్రం ఆగిపోయింది. ముందుకాలితో రోడ్డును గీరింది. ఒక్కసారి కాదు, వరసగా.

"ఆడుతుంది, ఆడుతుంది" అన్నారు జనం. డప్పులవాళ్లు దగ్గరికి జరిగారు. ఎవరో గుర్రం తల చుట్టూ నోట్లు తిప్పి విసిరారు. గీరడం ఎక్కువైంది, డప్పు దెబ్బ ఎక్కువైంది. ఫోన్లన్నీ పైకి లేచాయి. అప్పుడు గుర్రం తల వెనక్కి తిప్పి తన కడుపు వైపు చూసుకుంది. మెడ తడిసిపోయి ఉంది. మఖమల్ గుడ్డ అంచు కింద నుంచి పొదుగు దగ్గర పాలు బొట్లు బొట్లుగా రోడ్డు మీద పడుతున్నాయి.

"అన్నా, ఆట కాదు గది. నొప్పులు" అన్నాను. ఆయనకు అప్పటికే తెలిసింది. అరిచాను, ఎవరికీ వినబడలేదు. ముందున్న డప్పు మనిషి చేతిలోంచి పుల్ల లాక్కున్నాను. అతను ఆగాడు, అతన్ని చూసి మిగతావాళ్లు ఆగారు. "ఎవరీమె, ఏమైందీమెకు" అని ఎవరో అనడం మాత్రం బాగా వినబడింది. పెళ్లికొడుకు దూకేశాడు. పుణ్యాత్ముడు, ఆ పని చెప్పకుండానే చేశాడు.

గుర్రం నాలుగడుగులు వేసి ఫంక్షన్ హాలు గేటు ముందు, రంగులేసిన ముగ్గు మీద మోకాళ్లు మడిచి పడుకుంది. మనిషి కంటపడకుండా ఈనే ప్రాణి అది. చుట్టూ మూడు వందల కళ్లు, అన్ని ఫోన్లు. దూరం జరగమని వేడుకున్నాను, తిట్టాను. ముందు వరుస ఒక అడుగు వెనక్కి వేసేది, వెనక వరుస రెండడుగులు ముందుకు తోసేది. ఆ గుంపు మధ్యలోనే ఇరవై నిమిషాలకు పిల్ల పుట్టింది. ఆడపిల్ల. నిక్షేపంగా ఉంది, ముక్కు తుడవగానే ఊపిరి తీసుకుంది. అంతసేపు బిగపట్టుకున్న అన్న ఒక్కసారి ఏడ్చాడు.

పిల్ల నల్లగా పుట్టింది. తెల్ల గుర్రం కూడా నల్లగానే పుట్టి, ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడిందని అన్న నాకు ఎప్పుడో చెప్పాడు. ఆ సంగతి అక్కడ ఎవరికి తెలుసు. జనంలో ఈలలు ఆగిపోయాయి. పెళ్లికొడుకు నాయనమ్మ ముందుకు వచ్చి చూసింది. "పెండ్లి గేట్ల నల్లది పుట్టుడేంది" అంది. ఆ ఒక్క మాటకు సేటు మొహం పాలిపోయింది.

మరుక్షణం ఎవరో లోపల్నుంచి నలుగు గిన్నె తెచ్చారు. పెళ్లికొడుక్కి పూయగా మిగిలిన పసుపు. తల్లి ఇంకా లేవలేదు, పిల్లను రెండుసార్లు నాకింది అంతే. నలుగురు ఆడవాళ్లు పిల్ల చుట్టూ కూర్చుని నుదుటికీ, మెడకీ, వీపుకీ పసుపు పట్టించడం మొదలుపెట్టారు.

"పూయకుండ్రి. తల్లి దాన్ని వాసనతోనే గుర్తువట్టాలె" అంటూ నేను చేతులు అడ్డం పెట్టాను.

"పసుపుతోని ఏమైతదమ్మా. శుభమే గద" అని ఒకామె మెత్తగా నా చెయ్యి పక్కకు తీసింది. పసుపు మీద బతికే ఊళ్లో పసుపు వద్దన్న మనిషిని నేనొక్కదాన్నే, నా మాట ఎవరు వింటారు. అన్న తెల్ల గుర్రం తల దగ్గర ఉన్నాడు. అది కాళ్లు జాడిస్తే పిల్లకు తగులుతుందని వదిలి రాలేని పరిస్థితి. కాసేపట్లో నల్లపిల్ల పచ్చపిల్ల అయింది. అప్పుడు అందరి మొహాలూ విప్పారాయి. పెళ్లికొడుకును పక్కన కూర్చోబెట్టి ఫోటో తీశారు, తర్వాత పెళ్లికూతురును తెచ్చి ఇంకోటి తీశారు, తర్వాత చుట్టాలు. పిల్ల వణుకుతూ లేవబోతే పడిపోతుందేమోనని పట్టి కూర్చోబెట్టారు. ఆ పిల్లను మా చేతికి ఇచ్చేసరికి గంటన్నర దాటింది.

అన్న దాన్ని రెండు చేతుల్లో ఎత్తుకుని కొట్టానికి నడిచాడు. తల్లి వెనకే వచ్చింది. కొట్టంలో పిల్లను దింపితే కాళ్లు తడబడుతూ పొదుగు వైపు పోయింది. తల్లి వంగి వాసన చూసింది. చెవులు వెనక్కి పెట్టింది. పిల్ల మళ్లీ పోతే పక్కకు తిరిగి తన్నింది.

గోరువెచ్చని నీళ్లతో కడిగాం. ఆర్మూరు పసుపు ఒకసారి పట్టిందంటే రెండు కడుగులకు పోయేది కాదని ఆ రోజు సేటుకంటే నాకే బాగా తెలిసింది. తల్లి పాలే పిండి పిల్ల వీపుకు రాశాం, గోనెపట్టాతో రుద్దాం. మళ్లీ తన్నింది. పాలు పిండి సీసాతో పడదామంటే మంచి పాలన్నీ ఊరేగింపు దారిలోనే కారిపోయాయి. అర గ్లాసు కూడా రాలేదు. డాక్టర్ కమ్మర్‌పల్లి దిక్కు క్యాంపులో ఉన్నాడు, ఫోన్ చేస్తే పని వదిలి మధ్యాహ్నానికి వచ్చాడు. సూదులు వేశాడు, నోరు తెరిచి చూశాడు. "మొదటి పాలు ఎంత వోయినయ్" అని నన్ను అడిగాడు. గ్లాసు చూపించాను.

రెండో రోజు సాయంత్రం తల్లి మనసు మారింది. వాసన తగ్గిందో ఏమో, పిల్ల దగ్గరికి వచ్చి మెడ నుంచి తోక దాకా నాకడం మొదలుపెట్టింది. నాకి నాకి ముట్టెతో పొదుగు వైపు తోసింది. అప్పటికి పిల్లకు లేచే ఓపిక లేదు, ఒళ్లు కాలిపోతోంది. మూడో రోజు పొద్దున అది పోయింది. తల్లి దాన్ని నాకుతూనే ఉంది, మేం తీసుకుపోయేదాకా నాకింది. అన్న అనుకున్న పేరేమిటో ఇప్పటికీ నాకు చెప్పలేదు.

అదే రోజు సేటు ఇంటి నుంచి లడ్డూల డబ్బా వచ్చింది. పిల్ల పెద్దదయ్యాక, పుట్టబోయే మనవడి తొట్టెల పండుగకు తీసుకురావాలని కబురు కూడా. ఆ డబ్బా పట్టుకుని నేనే దుకాణానికి పోయాను. ఆయన ముందు పెట్టి, పిల్ల పోయిందని చెప్పాను.

ఆయన నిజంగానే బాధపడ్డాడు. "ఏం జేస్తం. ఇంకోసారి ఈనుతది గద" అన్నాడు.

"గదే దాని ఆఖరి ఈత సేటూ."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవ్వలకు చెప్పకుండ్రి జర. పెండ్లి కొత్తది. కోడలు భయపడ్తది" అన్నాడు.

నేను ఊరంతా చెబుదామనే బయటికి వచ్చాను. అన్న వద్దన్నాడు. "రేపు నా గుర్రాన్ని పెండ్లికి ఎవరు విలుస్తరు చెల్లె. అశుభమంటరు" అన్నాడు. ఆయన మీద కూడా కోపం వచ్చింది గానీ ఆయన పొయ్యి వెలిగేది ఆ పెళ్లిళ్లతోనే. నోరు మూసుకున్నాను. అందుకే ఊళ్లో శుభం మిగిలింది, పిల్ల సంగతి మాసిపోయింది. తెల్ల గుర్రం ఈ మధ్యే ముసలితనంతో పోయింది. ఇక దాచాల్సింది ఏమీ లేదని అన్నే అన్నాడు, నేను రాస్తున్నాను.

ఒకటి మిగిలింది. ఆ పొద్దున నేను తీసిన వీడియో నా ఫోన్‌లో ఇంకా ఉంది. గుర్రం నేలను గీరుతుంది, ఆగుతుంది, తల తిప్పి కడుపు వైపు చూసుకుంటుంది, మళ్లీ గీరుతుంది. దూరంగా డప్పు వినబడుతుంది. డప్పు ఆగిపోయాక కూడా అది గీరుతూనే ఉంటుంది, అది నేను అప్పుడు పట్టించుకోలేదు. వీడియో చివర ఒక ఆడగొంతు నవ్వుతూ అంటుంది, "సూడన్నా, డప్పు ఇనంగనే ఎట్ల ఆడుతుందో" అని. ఊరేగింపులో ఆ మాట అన్నవాళ్లందరి మీదా ఇన్నేళ్లు మండిపడ్డాను. వాళ్లకంటే మూడు గంటల ముందు ఆ మాట అన్నది నేనే.